ఆ నదిలో మునిగింది నేనే

ఆ రోజుల్లో సెలవు మీద ఊళ్ళోకి దిగిన మిలట్రీవాడికి అబద్ధాలు ఆడే పనే ఉండేది కాదు. ఊరుకుంటే చాలు, మిగతాదంతా ఊరే ఆడేసేది. నల్ల ట్రంకు పెట్టె భుజం మీంచి దింపకముందే "ఎంతమందిని కాల్సేవురా?" అని ఒకడు అడిగేవాడు, "సెప్పకూడదేమోలేరా, గవర్మెంటు రహస్యం" అని ఇంకొకడు వాడికి సర్దిచెప్పేవాడు. మనం ఓ నవ్వు నవ్వి గోళీసోడా తాగితే ఆ నవ్వులోంచే రెండు యుద్ధాలు తీసేవారు. (అప్పటికి నేను కాల్చింది చెక్కబొమ్మల్ని. అందులో సగం గురి తప్పేయి.) అలా నోరు మూసుకుని గొప్పవాణ్ణి అయిపోవడం నాకు కుర్రతనంలోనే అలవాటయింది. ఆ అలవాటు నన్ను ఎంతవరకు ఈడ్చుకొచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నర్సీపట్నంలో నన్ను ఎరిగినవాళ్ళకి నా గురించి తెలిసిన గొప్ప సంగతి ఒక్కటే. పటాలంలో ఉన్నప్పుడు నదిలో మునిగిపోతున్న స్నేహితుణ్ణి మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చి ఒడ్డున పడేసేనట. ఆ స్నేహితుణ్ణి పటాలంలో అందరూ లంబూ అనేవారు, అంటే పొడుగోడని. నేను వాడి చంక దాకా వచ్చేవాణ్ణి గనక నన్ను ఛోటూ అన్నారు. వాడిది రోలుగుంట, మిషను చర్చి కుటుంబం. నాది నాతవరం దగ్గర పల్లె. వరీ చెరకూ గేదెలూ తప్ప ఇంకోటి తెలీని ఇల్లు. ఇద్దరం విశాఖపట్నంలో ఒకే రోజు ఒకే లైన్లో నిలబడి భర్తీ అయ్యేం, రిటైరయ్యేక ఇద్దరం నర్సీపట్నంలోనే ఇళ్ళు కట్టుకున్నాం. వాడు ఓ కాలేజీ గేటు కాసేడు, నేను ఓ బ్యాంకు గేటు కాసేను. సాయంత్రం బస్ కాంప్లెక్సు దగ్గర టీ కొట్టులో కలిసేవాళ్ళం. నెలకోసారి మిలట్రీ కేంటీనుకి కలిసి వెళ్ళేవాళ్ళం. (వాడు మందు ముట్టేవాడు కాదు. వాడి కోటా ఎక్కడికి పోయేదో నన్నడక్కండి.) నవంబరు వస్తే పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఇద్దరం ఒకే ఆటోలో పోయేవాళ్ళం. కౌంటరు దగ్గర నన్ను ముందుకి తోసి "ఈడు బతికే ఉన్నాడండీ, నాను సాక్షి" అనేవాడు.

ఈ ఏడాది వానలు పడ్డాక లంబూ పోయేడు. టీ తాగి, "రేపు బేగి రారా, నీకోసం నాను కాసుకుని కూకోలేను" అని నన్ను తిట్టి ఇంటికెళ్ళినవాడు మర్నాడు రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. నేను ముందే వెళ్ళి కూర్చున్నాను కూడా ఆ రోజు.

కొన్నాళ్ళకి లంబూ భార్య మా ఇంటికొచ్చింది. "అన్నయ్యగారూ, చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామండి. పాస్టరుగారు వాక్యం చెప్పేక మీరే మాటాడాలి. ఆ నది సంగతి మీ నోటితో చెప్పండి. ఆయన చెప్తే వందసార్లు విన్నాం గానీ కాపాడినాయన నోటంట ఎప్పుడూ వినలేదు. మనవలు కూడా వస్తన్నారు" అంది. నేను తలూపేను. ఆవిడ గేటు దాటేక, ఎందుకు తలూపేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకంటే ఆ నదిలో మునిగింది వాడు కాదు, నేను. ఈడ్చుకొచ్చింది నేను కాదు, వాడు. నలభై ఏళ్ళు దాటిపోయింది, వాడు నా మెడలో వేసిన దండ నేను తియ్యకుండా తిరుగుతున్నాను. ఇప్పుడు వాడి చర్చిలో, వాడి మనవల ముందు నిలబడి, మీ తాత నా చేతుల మీద బతికేడని చెప్పాలా? చస్తే చెప్పను. ఈసారి నిజం చెప్పి తీరాలి, ఎవరేమనుకున్నా సరే అనుకున్నాను. అనుకున్నాక మా ఇంటావిడ మొహం చూసి భయం వేసింది, ఎందుకంటే ఆవిడ తండ్రి నాకు పిల్లనిచ్చిందే ఆ నదిని చూసి.

అసలు జరిగింది ఇదీ. ట్రైనింగు అయిపోయి ఉత్తరాన ఓ నది ఒడ్డున ఉన్న యూనిట్‌లో పడ్డాం. కొత్తవాళ్ళకి వంటశాల డ్యూటీ. నేను పదిహేను రోజులుగా ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. మా అమ్మ చచ్చిపోయినా అంత ఏడవనని లంబూతో అన్నాను కూడా. అలాంటి రోజుల్లో ఓ పొద్దున్న సుబేదార్ సాబ్ అందర్నీ వరసలో నిలబెట్టి, "ఈత వచ్చినవాళ్ళు ఒక అడుగు ముందుకి!" అన్నాడు. ముందుకేసినవాళ్ళకి వంటశాల తప్పుతుందని నా పక్కవాడు గొణిగేడు. అంతే, నా కాలు దానంతటదే ముందుకి పడిపోయింది. అప్పటికే నేను మా తాండవ డ్యాము సముద్రమంత ఉంటుందని, దాని ఒడ్డునే పుట్టేనని మేం పడుకునే బేరక్కంతా కోతలు కోసేసి ఉన్నాను. డ్యాము ఒడ్డున పుట్టినవాడికి ఈత రాదని ఎవడనుకుంటాడు? నాకు మోకాలి లోతు దాటితే కళ్ళు తిరుగుతాయని మా గేదెలకి తప్ప ఎవరికీ తెలీదు. పక్కకి చూద్దును గదా, నా పక్కనే ఇంకో పెద్ద బూటు కూడా ముందుకొచ్చి ఉంది. లంబూది.

వరస విడిపోయేక వాణ్ణి పట్టుకున్నాను. "నీకు ఈత వచ్చునేట్రా?"

"రాదు."

"మరెందుకు ముందుకేసేవు?"

"నువ్వేసేవు గదా."

"నాకూ రాదురా!"

లంబూ కొంచెంసేపు ఆలోచించేడు. వాడు ఆలోచిస్తే ఎడమ చెవి నలుపుకునేవాడు. "సరే, అబద్దం ఆడేసేం. ఇంక దాన్ని నిజం సేసేద్దాం. అప్పుడు అబద్దం ఉండదు గదా" అన్నాడు. సెలవు తరవాత నది దాటే ఎక్సర్సైజు ఉంది, ముందుకేసినవాళ్ళు మొదటి జట్టులో దాటాలి. సెలవు నెల్లాళ్ళు. ఆ నెల్లాళ్ళలో ఈత రాకపోతే అబద్ధం చెప్పినందుకు ఇద్దరికీ శిక్ష పడుతుంది, చేతి మీద పట్టీ మాట ఇక మర్చిపోవాల్సిందే. (పట్టీ అంటే సిపాయి నుంచి లాన్స్ నాయక్ అయినప్పుడు చొక్కా చేతికి కుట్టే గుర్తు. ఆ జానెడు గుడ్డ కోసం మేం పడ్డ పాట్లు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది.)

నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగేం. (ఆ పేరు చూసి ఊరు పక్కనే ఉందనుకునేరు. అక్కణ్ణుంచి బస్సెక్కి ఓ కునుకు తీసి లేచినా ఊరు రాదు.) లంబూ రోలుగుంట వెళ్ళి తల్లికి మొహం చూపించి, మూడోనాటికి మా ఊరొచ్చేసేడు. మాకు గురువు మా మేనత్త. ఆవిడ గేదెల తోక పట్టుకుని కాలవలు దాటి పెరిగిన మనిషి. మగాళ్ళెవరూ ఆవిడ ముందు నీళ్ళ గురించి మాటాడేవారు కాదు. అయితే లంబూ ఒక పట్టు పట్టేడు. నీళ్ళలోకి దిగేముందు నేల మీద పద్ధతిగా నేర్చుకోవాలన్నాడు. యూనిట్‌లో ఉస్తాదు ఎవరికో నేర్పుతుంటే చూసేడట. మా పశువుల శాల ముందు రెండు నులక మంచాలు వేసి, వాటి మీద బోర్లా పడుకుని, వాడు "ఏక్!" అంటే చేతులు ముందుకి, "దో!" అంటే పక్కలకి, "తీన్!" అంటే కాళ్ళు కప్పలాగ. పదిసార్లు అయ్యేక "థమ్!" అంటాడు. పెరేడ్‌లో థమ్ అంటే ఆగు. కాళ్ళూ చేతులూ బిగదీసి కర్రలాగ ఆగిపోవాలి. మొదటిరోజు మా అత్త కుడితి బాల్చీతో వచ్చి, మంచాల మీద కొట్టుకుంటున్న మమ్మల్ని చూసి బాల్చీ వదిలేసింది. "ఓలమ్మో, ఇద్దరికీ ఒక్కసారే మూర్సొచ్చినాదర్రా! బేగెల్లి తాళాలగుత్తి తెండర్రా!" అని కేకలేసి, మేం చెప్పేది వినిపించుకోకుండా నా గుప్పిట్లో తాళాలు, లంబూ గుప్పిట్లో కొడవలి పెట్టింది. ఊరంతా వచ్చింది. మిలట్రీలో ఏదో మందు పెట్టేరని రెండ్రోజులు చెప్పుకున్నారు.

నాలుగోనాడు కాలవలో దిగేం. అత్త మా ఇద్దరి చంకల కిందా ఎండి డొల్లయిన ఆనపకాయ బుర్రలు కొబ్బరితాడుతో కట్టింది, అవి మనిషిని తేలుస్తాయి. లంబూ "ఏక్, దో, తీన్" అన్నాడు. ఏం చెప్పను, కదిలేం! నిజంగానే ముందుకి వెళ్ళేం. గట్టు మీద గేదెలు కూడా తల తిప్పి చూసేయి. ఆ ఆనందంలో లంబూ లెక్క తప్పకుండా పదీ పూర్తి చేసి, గొంతెత్తి, "థమ్!" అన్నాడు. ఇద్దరం ఆగిపోయేం. కాళ్ళు జోడించి, చేతులు తొడలకి ఆనించి, గెడ్డం పైకెత్తి, పటాలం పద్ధతిలో నిలువునా కిందకి దిగిపోయేం. నా బుర్రల తాడు ఊడింది, వాడి బుర్రలు వాణ్ణి వదిలేసి పైకి తేలేయి. నీళ్ళలో కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా లంబూ, వాడూ అటెన్షన్‌లోనే ఉన్నాడు. అత్త దిగి ఇద్దర్నీ జుట్టు పట్టుకుని లేవదీసింది. (మిలట్రీ క్రాపులు గదా, దొరికిన జుట్టు తక్కువ, నొప్పి ఎక్కువ.) "ఆగమని ఎవలు సెప్పేర్రా నీటిలోన? నీరాగిందేటి, నువ్వాగడానికి?" అంది. ఈతకి సంబంధించి నేను విన్న మాటల్లో ఇంతకంటే పనికొచ్చేది లేదు.

లంబూ ఆ రోజునుంచీ ఆగలేదు. తెల్లారకముందే లేచి నన్ను తన్ని లేపేవాడు. ఆదివారం చర్చికి రోలుగుంట వెళ్ళి మళ్ళీ చీకటి పడకుండా వచ్చేసేవాడు. వాళ్ళమ్మ "నీకు సెలవు నాకోసం ఇచ్చేరా, నాతవరం గేదెల కోసం ఇచ్చేరా?" అని ఏడ్చిందట. పన్నెండోనాటికి వాడు బుర్రలు తీసేసి కాలవ అడ్డంగా దాటేడు. వాడికి వచ్చేసింది. వాడింక ఇంటికి పోవచ్చు. పోలేదు. "నీకు రాకుండా నాకొచ్చి ఏటి లాభం? ముందుకేసింది ఇద్దరం" అని నా నడుం కింద చెయ్యి పెట్టి నీళ్ళలో నిలబడ్డాడు. బుర్రలుంటే నేను చేపనే. బుర్రలు తీస్తే రోకలిబండని. సెలవు ఆఖరి రోజున అత్త తేల్చి చెప్పేసింది: "నాయనా, ఈతొచ్చింది నీక్కాదురా, ఆనప బుర్రలకి." ఆ సెలవంతా వాడు నాకోసం నీళ్ళలో నానేడు, నేను వాడికి ఈత రాని స్నేహితుడిగానే మిగిలేను.

ఎక్సర్సైజు రోజు వచ్చింది. నది మా కాలవలాంటిది కాదు, మంచు కరిగిన నీళ్ళు, వొళ్ళు కొరికేస్తున్నాయి. ఒక్కటే ఆశ. బట్టలూ బూట్లూ వాన దుప్పట్లో గాలి పోకుండా మూటకట్టి, దాన్ని ముందు తోసుకుంటూ ఈదాలి. ఆ మూట తేలుతుంది. అంటే ఆనప బుర్ర దొరికినట్టే. సగం దూరం బాగానే వెళ్ళేను. గర్వపడ్డాను కూడా. అదే తప్పు. ఒక అల మొహం మీద కొట్టింది, నోట్లోకి నీళ్ళు పోయేయి, మూట చేతుల్లోంచి జారిపోయింది. ఆ తరవాత ఆకాశం ఓసారి కనిపించింది, అడుగు ఓసారి కనిపించింది. అమ్మా అన్నానో అత్తా అన్నానో గుర్తులేదు. లంబూ తన మూట వదిలేసి నా దగ్గరికొచ్చేడు. వాడి బనీను మెడ నా చేతికి దొరికింది. ఇంక లోకంలో ఏదైనా వదులుతాను గానీ అది వదల్లేదు. వాడు నన్ను, నా బరువుని, ఆ బనీను బిగింపుని కూడా లాక్కుంటూ ఈదేడు. ఒడ్డుకొచ్చేక వెనకనుంచి తోసి ముందు నన్ను పైకెక్కించేడు, వాడు ఇసకలో పడిపోయేడు.

గట్టు మీదున్న సుబేదార్ సాబ్‌కి ఏం కనిపించిందో ఆలోచించండి. పొట్టివాడు నిలబడి ఉన్నాడు, వాడి గుప్పిట్లో పొడుగోడి బనీను మెడ ఉంది, పొడుగోడు నీలం మొహంతో నేల మీద దగ్గుతున్నాడు. (నేను భయంతో ఇంకా చెయ్యి వదల్లేదు. వదలమని మెదడు చెప్పినా వేళ్ళు వినలేదు.) పైగా నా మూట నాకంటే బుద్ధిమంతురాలు, దానంతటదే కొట్టుకొచ్చి ఒడ్డుకి చేరింది. లంబూ మూట ఎటో పోయింది. సుబేదార్ సాబ్ నా వీపు మీద ఒకటి వేసి "శాబాష్ ఛోటూ!" అన్నాడు. తరవాత లంబూ వైపు తిరిగి, "ఈత వచ్చన్నావు గదా?" అని ఉరిమేడు. లంబూ నావైపు ఒకసారి చూసేడు. ఆ చూపు నాకిప్పటికీ తెలుసు. "మధ్యలో పిక్క పట్టేసింది సాబ్. ఈడు లేకపోతే పోయేవాణ్ణి" అన్నాడు. నేను నోరు తెరిచేను. నీళ్ళు వచ్చేయి. మాట రాలేదు.

కిట్టు పోగొట్టుకున్నందుకు లంబూకి పధ్నాలుగు రోజులు పిట్టూ వేసేరు. అంటే నిండా బరువు నింపిన సంచీ వీపున కట్టుకుని పొద్దున్నే మైదానం చుట్టూ పరిగెత్తడం. నేను టీ మగ్గు పట్టుకుని అంచున నిలబడేవాణ్ణి. వాడు నా ముందునుంచి పోయినప్పుడల్లా "సల్లారిపోతాది, తాగీరా!" అని అరిచేవాడు. ఓ రోజు ఆపి అడిగేను, ఎందుకలా చెప్పేవని. "నిజం సెప్తే నీకు ఈతే రాదని తెలుస్తాది, నిన్ను ఉల్లిపాయల్లోంచి ఇంకెప్పటికీ తియ్యరు. నాకు ఈతొచ్చు, పిక్క పట్టిందంటే ఎవలూ ఏటీ అనరు" అన్నాడు. ఆ ఏడే నా చేతికి పట్టీ వచ్చింది. వాడికి మరుసటేడు వచ్చింది. ఆ ఏడాది పొడుగునా వాడు నన్ను అందరి ముందూ "సాబ్" అని పిలిచి, ఎవరూ చూడకుండా కన్ను కొట్టేవాడు. చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. రేపు చెప్దాం అనుకున్న ప్రతి రోజూ ఆ పట్టీ ఇస్త్రీ చేసుకున్నాను. సిగ్గుచేటు మాట, అయినా ఇంతదూరం వచ్చేక దాచి ఏం లాభం.

పెళ్ళిచూపుల్లో అది ఇంకా ముదిరింది. సంబంధం తెచ్చింది లంబూయే, రోలుగుంట పక్క పల్లె. మా మావగారు నన్ను కిందనుంచి పైదాకా చూసి (చూపు ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేకపోయింది), "కుర్రోడు పొట్టిగున్నాడు, ధైర్నం ఉందేటి?" అన్నారు. నేను నోరు విప్పేలోపే లంబూ లేచి నిలబడి నది కథ చెప్పేసేడు. ఆ రోజు నది మైలు వెడల్పుంది. మా పెద్దమ్మాయి అన్నప్రాసన నాటికి అవతలి ఒడ్డు కనపడడం మానేసింది. దాని పెళ్ళినాటికి అందులోకి ఓ మొసలి కూడా వచ్చింది. నేను గుడ్లురిమితే, "నువ్వూరుకో, మునిగింది నాను, నాకు తెలీదేటి?" అనేవాడు. అంతా నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అలా నవ్వి నవ్వి ముసలాణ్ణయిపోయేను.

కూడికకి ముందు మూడు రోజులు మా ఇంటావిడకి ముందే చెప్పేద్దామని తిరిగేను. కాఫీ ఇస్తే చెప్దామనుకున్నాను, కాఫీ తాగేసేను. ఆవిడ బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చున్నాను, నేనూ ఏరేను. "ఏటి, ఒంట్లో బాలేదా?" అంది. బాగానే ఉందన్నాను. సరే, అందరితోబాటే వింటుందిలే అనుకుని, మెడల్స్ పెట్టుకోకుండా తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేను.

పాస్టరుగారు పిలిచేరు. మొదటి వరసలో లంబూ భార్య, పిల్లలు, మనవలు. వెనక మా మాజీ సైనికులు. మైకు పట్టుకున్నాను. మొదలెట్టేను. ఉల్లిపాయల దగ్గర నవ్వేరు. తాళాలగుత్తి దగ్గర పాస్టరుగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు చెప్పేసేను. "మునిగింది లంబూ కాదండి, నేను. ఈదుకొచ్చింది వాడు. వాడి బనీను పట్టుకు వేలాడేను. పిట్టూ వాడు పరిగెత్తేడు, పట్టీ నేను కట్టుకున్నాను. నలభై ఏళ్ళు నేను నోరు మూసుకున్నాను. వాడికి అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటున్నాను" అన్నాను. ఏడ్చేను, దాచడం ఎందుకు.

తరవాత పాస్టరుగారు లేచి నా భుజం మీద చెయ్యి వేసేరు. "ప్రియులారా, చూసేరా? పోయిన స్నేహితుడి గౌరవం కోసం తను చేసిన మేలు కూడా అతనికే ఇచ్చేస్తున్నారు. తగ్గింపు, దీనమనసు అంటే ఇదండీ!" అన్నారు. "ఆమేన్!" అంది చర్చంతా. నేను మైకు లాక్కుని, "అది కాదండీ బాబూ! నాకు నిజంగానే ఈత రాదు!" అని అరిచేను. చప్పట్లు ఇంకా పెద్దవయ్యేయి. మాలో రిటైరైన సుబేదారొకాయన వెనకనుంచి సెల్యూట్ కొట్టేడు. లంబూ భార్య నా రెండు చేతులూ పట్టుకుని, "ఆయన అనేవారండి అన్నయ్యగారూ, మీరు గొప్పలు చెప్పుకోరని" అంది. వాడి కథకి నలభై ఏళ్ళ బలం ఉంది, నా నిజానికి పదినిమిషాలు. ఏం గెలుస్తాను?

ఇంటికి ఆటోలో వస్తున్నాం. మా ఇంటావిడ మార్కెట్ దగ్గర ఆపించి వంకాయలు కొంది, మళ్ళీ ఎక్కింది. ఎక్కేక, సంచీ సర్దుకుంటూ, "నాకు తెలుసండీ" అంది.

"ఏటి తెలుసు?"

"మీకు ఈత రాదని. పెళ్ళయిన మూడోనాడే లంబూ అన్నయ్య సెప్పేరు. 'సెల్లెమ్మా, ఈడికి నీళ్ళంటే పడదు. నానెప్పుడూ పక్కనుండను గదా, నువ్వు సూసుకో' అన్నారు. మునిగిన సంగతీ సెప్పేరు."

తాండవకి పిక్నిక్ వెళ్ళినా, విశాఖపట్నం బీచికి వెళ్ళినా, పిల్లలందరూ నీళ్ళలోకి పరిగెడుతుంటే నన్ను మాత్రం చెప్పులకీ టిఫిను డబ్బాలకీ కాపలా కూర్చోబెట్టేది ఈవిడ. నేను మిలట్రీవాణ్ణి గదా, కాపలా నాకిచ్చింది అనుకుని ఛాతీ విరుచుకుని కూర్చునేవాణ్ణి. "మరి నాతో ఒక్కసారీ అనలేదేం?" అన్నాను.

"ఒట్టు ఏయించుకున్నారు. మీయంతట మీరు సెప్పేదాకా అడగొద్దన్నారు. ఏడాదికోసారి నానే అడిగేదాన్ని, 'ఏటన్నయ్యా, మీ స్నేహితుడు ఇంకా సెప్పరేటి?' అని. 'సెప్తాడు సెల్లెమ్మా. ఆడు తప్పకుండా సెప్తాడు. కొంచెం నెమ్మది, అంతే' అనేవోరు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మొన్న చివరిసారి మనింటికొచ్చినప్పుడూ అదే అన్నారు."

ఆటోవాడు అద్దంలో చూసి "ఏటయింది తాతా?" అన్నాడు. వాడికీ చెప్పేను, నదిలో మునిగింది నేనేనని. వాడు నమ్మలేదు, మా వీధిలో నా పేరు వాడికీ తెలుసు. మర్నాడు టీ కొట్టులో చెప్పేను. బ్యాంకులో చెప్పేను. ఈ నవంబరులో ఒక్కణ్ణే ఆటో ఎక్కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పోయినప్పుడు ఆ కౌంటరు అమ్మాయికీ చెప్పేను. "మీరు చాలా గొప్పవారండీ" అని సంతకం పెట్టించుకుంది. పట్టీ కోసం నోరు మూసుకున్న ఆ కుర్రాడు ఇవాళ, మోకాళ్ళు పట్టేసిన వయసులో, నాకు ఈత రాదు మొర్రో అని ఊరంతా తిరిగి చాటుకుంటుంటే నాకే నవ్వొస్తుంది. వాడు బతికున్నప్పుడు ఒక్కమాట చెప్పుంటే ఒక్కడు నమ్మేవాడు, వాడొక్కడూ చాలును. నెమ్మదే నా రోగం. అయినా వాడు తప్పకుండా చెప్తాడని పూచీ పడ్డాడు నాకోసం, కాబట్టి చెప్తూనే ఉంటాను. ఇవాళ మీకు చెప్పేను.